విందులు మిగిలాయి, వ్యంగ్యం పోయింది: ‘బ్రైట్ యంగ్ థింగ్స్’

ఆంగ్ల నవలాకారుడు ఈవ్లిన్ వా 1930లో వెలువరించిన ‘వైల్ బాడీస్’ నవల ఆధారంగా బ్రిటిష్ నటుడు స్టీఫెన్ ఫ్రై తొలిసారి దర్శకత్వం వహించిన చిత్రం ‘బ్రైట్ యంగ్ థింగ్స్’ 2003లో వచ్చింది. రెండు ప్రపంచయుద్ధాల నడుమ లండన్‌లో విందుల నుంచి విందులకు పరుగులు తీసిన సంపన్న యువతీయువకులు, వారి వెంటపడిన పత్రికలు, చేతిలో డబ్బు నిలవక పెళ్లిని పదేపదే వాయిదా వేసుకునే ఆడమ్, అతని ప్రియురాలు నీనా ఇందులో కథావస్తువు. ఇంత పదునైన సరుకు చేతిలో ఉండీ చిత్రం ఎందుకు తేలిపోయిందన్నదే ప్రశ్న.

నవలలోని హాస్యానికి ప్రాణం దాని నిర్దయ. పెళ్లి కుదిరిందని చెప్పినా, తప్పిపోయిందని చెప్పినా ఆ జంట ఒకే పొడి స్వరంతో మాట్లాడుతుంది; ఆ స్వరమే పాఠకుణ్ణి ముందు నవ్వించి, తరువాత ఇబ్బంది పెడుతుంది. చిత్రం ఆ పొడిదనానికి జంకి, వారిద్దరి మధ్య మామూలు ప్రేమకథను అల్లింది. పైగా తాను ఎగతాళి చేయవలసిన విందులనే మురిపెంగా చూపింది. ఎర్రటి వెలుగులో నరకం వేషాలతో సాగే తొలి విందులో కెమెరా ఎవరి ముఖం మీదా నిలవదు. అందువల్ల ఆ సందడి వెనుక ఉండవలసిన విసుగు మన కంటపడే లోపే మరో విందు మొదలైపోతుంది. దుస్తులు, అలంకరణ మాత్రం ముచ్చటగా ఉన్నాయి. కాకపోతే అలాంటి మెప్పు దుకాణం అద్దాలకు కూడా చెల్లుతుంది.

జేమ్స్ మెకవాయ్ పోషించిన బాల్‌కేర్న్ ఘట్టం ఇందుకు మినహాయింపు. తన వర్గంవారి గుట్టు పత్రికకు రాసి బతికే ఈ యువ ప్రభువు, ఆహ్వానం దక్కని విందులోకి మారువేషంలో చొరబడి గెంటించుకొని, చివరిసారిగా కట్టుకథలన్నీ పత్రికకు చెప్పి, గ్యాస్ పొయ్యిలో తల పెట్టి ప్రాణం తీసుకుంటాడు. నవ్వు, భయం ఒకేసారి కలిగే ఆ కొద్ది నిమిషాలలో సినిమా మొత్తం ఎలా ఉండవలసిందో తెలుస్తుంది. ఆ విందుల బృందంలోని అగాథాగా ఫెనెల్లా వూల్గర్ కూడా ఆ స్థాయిని అందుకున్నారు.

అసలు తప్పు ముగింపులో ఉంది. గుర్రప్పందెంలో ఆడమ్ గెలిచిన డబ్బు తాగుబోతు మేజర్ దగ్గర చిక్కుకుపోతుంది. నవలలో అది యుద్ధభూమిలో దొరికేసరికి దాని విలువ ఒకటి రెండు గ్లాసుల మద్యానికీ, ఒక వార్తాపత్రికకూ సరిపోయేంతకు పడిపోయి ఉంటుంది. చిత్రంలో మాత్రం ఆ సొమ్ము అక్కరకు వస్తుంది, ప్రేమికులు ఒకటవుతారు. రాబోయే యుద్ధాన్ని 1930లోనే ఊహించి రాసిన రచయిత ఇవ్వని ఊరటను, ఆ యుద్ధం ఎంత ఘోరంగా నడిచిందో తెలిసిన కాలంలో తీసిన సినిమా ఇవ్వడం నాకు మింగుడుపడలేదు.

నటన కోసం చూడదలచినవారికి పీటర్ ఓటూల్ ఉన్నారు. మతిమరుపు కల్నల్‌గా ఆయన కనిపించేది కొద్దిసేపే అయినా, ఆ కాసేపూ కుర్రకారు ఎవరూ గుర్తుకు రారు.