డేటా సెంటర్ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ పూర్తి చేసిన పిల్లలున్న ఇళ్లకు ఈ మాట చేరాలి. డేటా సెంటర్ అంటే ఇంటర్నెట్ సేవలు నడిపే సర్వర్లు, అంటే పెద్ద కంప్యూటర్లు, రాత్రింబవళ్లు పనిచేసే భవనం. ‘డేటా సెంటర్ ఇంజనీర్, మూడు నెలల శిక్షణ, ఉద్యోగం గ్యారంటీ’ అన్న ఫ్లెక్సీ చూసి డబ్బు కట్టకండి. నెల్లూరులోని అలాంటి ఒక సంస్థలో మా మేనల్లుడికి 65,000 రూపాయలు కట్టాం. ఉద్యోగమూ రాలేదు, డబ్బూ తిరిగి రాలేదు. ఫిర్యాదు నడుస్తున్నందున పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద ఉపయోగం ఉండదు, బోర్డు మార్చడం వాళ్లకు ఒక పూట పని. పద్ధతిని గుర్తుపట్టండి, చాలు.

చిక్కేమిటంటే వాళ్లు చెప్పేదాంట్లో చాలా భాగం నిజం. విశాఖపట్నంలో డేటా సెంటర్‌తో కూడిన ఏఐ కేంద్రానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. నిపుణుల కొరత కూడా కట్టుకథ కాదు. ప్రపంచవ్యాప్తంగా డేటా సెంటర్లకు 2019లో 20 లక్షల మంది సిబ్బంది అవసరమైతే, 2025 నాటికి దాదాపు 23 లక్షల మంది కావాలని, డేటా సెంటర్లకు ప్రమాణాలు పెట్టే అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ 2021లో అంచనా వేసింది. ఇలాంటి అంకెలన్నీ కౌన్సెలింగ్ గదిలో తెర మీద వేసి చూపించారు. ఎలాంటి మనుషులు దొరకడం లేదన్నది మాత్రం చెప్పలేదు.

జనరేటర్ల సర్వీసు నా వృత్తి, కాబట్టి అది నేను చెబుతాను. డేటా సెంటర్ అనగానే మనకు కంప్యూటర్ల గది గుర్తుకు వస్తుంది. దాన్ని నిలబెట్టేది మాత్రం కరెంటు, చల్లదనం. సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్ (సరఫరాను కలిపే, తెంచే పరికరాలు), యూపీఎస్ (కరెంటు పోయినా ఆగకుండా సరఫరా ఇచ్చేది), బ్యాటరీలు, సరఫరా పోయిన కొద్ది క్షణాల్లో లోడు అందుకోవలసిన డీజిల్ జనరేటర్లు, చిల్లర్లు (చల్లబరిచే యంత్రాలు), అగ్నిమాపక వ్యవస్థ. అర్ధరాత్రి షిఫ్టులో బ్రేకర్ ట్రిప్ అయితే ఏది ముందు వేయాలో, దేన్ని ముట్టుకోకూడదో తెలిసిన మనిషికే అక్కడ గిరాకీ. అలాంటి వాడు మూడు నెలల్లో తయారు కాడు. కృష్ణపట్నం దగ్గరి థర్మల్ కేంద్రాల స్విచ్‌యార్డుల్లో ఏళ్ల తరబడి షిఫ్టులు చేసిన వాళ్లు ఆ ఉద్యోగాలకు మన పిల్లలకంటే ఎంతో దగ్గరగా ఉన్నారు. వాళ్ల కోసం మాత్రం ఎవరూ ఫ్లెక్సీలు కట్టరు, వాళ్ల దగ్గర ఫీజు రాదు కదా! పైగా డేటా సెంటర్ కట్టేటప్పుడు వేల మందికి పని ఉన్నా, కట్టిన తరువాత నడపడానికి కావలసిన వాళ్లు అందులో చిన్న వంతే.

ఇక ల్యాబ్. ఒక పాత ర్యాకు (సర్వర్లు అమర్చే బీరువా), అందులో ఆన్ కాని రెండు సర్వర్లు, మూలన ఇళ్లలో వాడే ఇన్వర్టర్. దాన్నే యూపీఎస్ అని పరిచయం చేశారట. చిల్లర్‌ను వీడియోలో చూపించారు. కేబుల్ క్రింపింగ్ (తీగల చివర కనెక్టర్ బిగించడం) మాత్రం శుభ్రంగా నేర్పారు, అది కాదనను. పాఠం చెప్పిన కుర్రవాడు అంతకు ముందు బ్యాచ్‌లో అక్కడే చదివినవాడు, డేటా సెంటర్ గడప తొక్కలేదు.

చివర్లో ఇచ్చిన సర్టిఫికెట్ మీద ‘టియర్-4 సర్టిఫైడ్ ఇంజనీర్’ అని బంగారు రంగులో అచ్చు వేశారు. టియర్ 1 నుంచి 4 వరకు అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే శ్రేణులు డేటా సెంటర్‌కు, అంటే కరెంటు, కూలింగ్ ఏర్పాట్లు ఎంత గట్టివన్నదానికి. మనిషికి టియర్ ఉండదు. ఏ డేటా సెంటర్‌లోనైనా ఇంటర్వ్యూ చేసేవారు ఆ కాగితం చూసి నవ్వుకుంటారు.

ఉద్యోగం సంగతి అడిగితే చెన్నైలో ఒక కాంట్రాక్టరు దగ్గరికి పంపారు. సర్వర్ల పెట్టెలు దించి, విప్పి, ర్యాకుల దాకా మోసే పని. అది తక్కువ పని అనను, దానికి 65,000 పెట్టి చదవాలా అన్నదే నా ప్రశ్న. మావాడు తిరిగొచ్చేస్తే ‘అవకాశం ఇచ్చాం, మీరే వద్దన్నారు’ అన్నారు. దరఖాస్తు వెనుక చిన్న అక్షరాల్లో ‘ప్లేస్‌మెంట్ సహాయం’ అని మాత్రమే ఉంది. గ్యారంటీ అన్న మాట ఫ్లెక్సీతోనే ఆగిపోయింది.

ఎవరైనా ఇంకా చేరాలనుకుంటే, ఉద్యోగ హామీని, ఫీజు వాపసు షరతును లెటర్‌హెడ్ మీద రాసివ్వమని అడగండి. పాఠం చెప్పేవారు ఏ సైట్‌లో పనిచేశారో అడగండి. ఫీజు ఒక వ్యక్తి పేరున ఫోన్‌పే చేయమన్నా, జీఎస్టీ నంబరు లేని తెల్ల కాగితం రసీదు ఇచ్చినా లేచి వచ్చేయండి. నిజంగా ఈ రంగం మీద ఆసక్తి ఉన్న పదో తరగతి పిల్లలకు ప్రభుత్వ ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు ఉంది. డేటా సెంటర్ ప్రాథమిక పాఠాలు ష్నైడర్ ఎలక్ట్రిక్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే పెట్టింది, ఇంగ్లీషులో ఉంటాయి.

ఇప్పటికే కట్టినవారు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. మేము చేశాం. ఆ తరువాతే ‘ఫీజును ఇంకో కోర్సుకు సర్దుతాం’ అని వాళ్లే ఫోన్ చేశారు, వద్దన్నాం. తప్పుడు ఉద్యోగ హామీలతో ప్రకటనలు ఇవ్వకూడదని కోచింగ్ సంస్థలకు కేంద్రం 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, ఒకే రకంగా నష్టపోయినవారు అనుమతి తీసుకుని కలిసి కూడా వేయవచ్చు. అందుకే రసీదు, ఫ్లెక్సీ ఫొటో, వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. వాళ్లతో మాట్లాడేదేదైనా ఫోన్‌లో కాకుండా రాతలో పెట్టండి.