తాత్కాలిక ఫైళ్ల తొలగింపు: చేత్తోనా, విండోస్‌కే వదలాలా, క్లీనర్ కావాలా? ఏది మేలు?

తిరుపతి బాలాజీ కాలనీలో నేను నడిపే డీటీపీ, జిరాక్స్ దుకాణంలో ఉన్న మూడు కంప్యూటర్లలో పాతదానికి 128 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే చిప్‌ల డిస్కు) మాత్రమే ఉంది. దర్శనం టికెట్ల ప్రింట్లు, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు, పెండ్లిపత్రికలు అంటూ పొద్దస్తమానం పని నడిచే రోజుల్లో దాని సీ డ్రైవు నిండిపోయి గీత ఎర్రబడడం మాకు మామూలే. అలా ఎర్రబడినప్పుడు, ప్రోగ్రాములు పని మధ్యలో రాసుకునే తాత్కాలిక ఫైళ్లు చేరే టెంప్ ఫోల్డరును మన చేత్తో ఖాళీ చేయడం, విండోస్‌లోనే ఉన్న సాధనాలను వాడడం, బయటి క్లీనర్ సాఫ్ట్‌వేర్‌ను వేసుకోవడం అని మూడు దారులు కనబడతాయి. మూడింటినీ ఏళ్ల తరబడి వాడిన తరువాత నాకు తేలిందేమిటంటే, ఎంత చోటు దొరుకుతుందన్న దానికన్నా, పారేయకూడనిదాన్ని ఏ దారి కాపాడుతుందన్నదే ముందుగా చూడవలసిన విషయం.

మన వీధుల్లో ఎక్కువమంది నేర్చుకున్నది మొదటి దారి. విండోస్ కీని, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో టెంప్ అనే మాటకు ముందూ వెనుకా శాతం గుర్తు పెట్టి ఎంటర్ కొడితే ఆ యూజరు తాత్కాలిక ఫోల్డరు తెరుచుకుంటుంది. అందులో ఉన్నవన్నీ ఎంచి డిలీట్ చేస్తారు. వాడుకలో ఉన్న ఫైళ్లను విండోస్ తీయనివ్వదు కాబట్టి, అటువంటప్పుడు స్కిప్ నొక్కి ముందుకు పోవచ్చు. ఇది వేగంగా అయిపోతుంది, ఖర్చు లేదు. ఫొటోషాప్ మధ్యలో ఆగిపోయినప్పుడు వదిలేసిపోయే పెద్ద పెద్ద టెంప్ ఫైళ్లను వెతికి తీయడానికి ఇప్పటికీ నేను ఈ దారినే పోతాను.

కానీ ఆ ఫోల్డరులో ఉన్నదంతా చెత్తే అనుకోవడం ఎంత పొరపాటో ఒక పెండ్లిపత్రిక వల్ల నాకు తెలిసివచ్చింది. మా దుకాణంలో పనిచేసే కుర్రవాడు ఒకరోజు సాయంత్రం, మెయిల్‌లో వచ్చిన జిప్ ఫైలును విడదీయకుండానే, లోపలున్న వర్డ్ ఫైలును నేరుగా తెరిచి, రెండు గంటలు కూర్చుని పేర్లు, ముహూర్తం అన్నీ సరిచేసి, సేవ్ కొట్టి ఇంటికి పోయాడు. అలా తెరిచినప్పుడు జిప్ సాఫ్ట్‌వేర్ ఒక నకలును టెంప్ ఫోల్డరులో పెట్టి దాన్నే చూపిస్తుంది. జిప్ కిటికీని అతను ముందే మూసేయడంతో, చేసిన మార్పులన్నీ ఆ నకలులోనే ఉండిపోయాయి. మరునాటి పొద్దున నేను అలవాటు ప్రకారం అన్నింటినీ ఎంచి, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కాను. అతను వచ్చి, "అన్నా, నేను సేవ్ చేసే పోయినాను కదా, ఎక్కడికి పోయింది?" అని అడిగేదాకా జరిగింది నాకు అర్థం కాలేదు. షిఫ్ట్‌తో తీసినది రీసైకిల్ బిన్‌కు చేరదు. అదీగాక ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల తీసేసిన ఫైళ్ల జాగా త్వరగానే తుడిచిపెట్టుకుపోతుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికినా ఏమీ దొరకలేదు. కుర్రవాడి తప్పు కన్నా నా తొందరే ఎక్కువని నేటికీ అనుకుంటాను.

ఈ దారిలో పోయేవారికి నేను చెప్పే జాగ్రత్తలు తక్కువే. ముందు కంప్యూటరును రీస్టార్ట్ చేయాలి. ఫైళ్లను తేదీ ప్రకారం అమర్చుకుని, వారం దాటినవాటినే తీయాలి. షిఫ్ట్ జోలికి పోకుండా రీసైకిల్ బిన్‌కు పంపి, రెండు రోజులు ఆగి దాన్ని ఖాళీ చేయాలి. టెంప్‌తో పాటు ప్రీఫెచ్ ఫోల్డరును కూడా ఊడ్చేయమని చాలామంది చెబుతారు గాని, ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడం కోసం విండోస్ రాసిపెట్టుకునే ఆ చిన్న ఫైళ్లను తీస్తే అది మళ్లీ తయారుచేసుకుంటుందే తప్ప మనకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

రెండవ దారిలో పాత డిస్క్ క్లీనప్, సెట్టింగ్స్‌లో స్టోరేజ్ కింద ఉండే టెంపరరీ ఫైల్స్ పేజీ, 2017లో విండోస్ 10లోకి వచ్చిన, గడువు ప్రకారం తానే చెత్త తీసే స్టోరేజ్ సెన్స్ అని మూడు సాధనాలు ఉన్నాయి. డిస్క్ క్లీనప్‌లో నాకు నచ్చేది దాని ఓపిక. మామూలుగా అది వారం రోజులుగా ఎవరూ ముట్టని తాత్కాలిక ఫైళ్లనే తీస్తుంది. ఆ ఒక్క నియమం ఆనాడు మా పెండ్లిపత్రికను కాపాడి ఉండేది. పైగా చేత్తో తీయరాని అప్‌డేట్ల మిగులును కూడా అది పద్ధతిగా తీస్తుంది. ఈ పనిని మనమే చేద్దామని విండోస్ తన సొంత భాగాలను దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డరులో చేయి పెడితే విండోస్ తెరుచుకోకుండా పోయే ప్రమాదం ఉంది.

అయితే విండోస్ సాధనాలు కూడా కళ్లు మూసుకుని నమ్మదగినవి కావు. 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డరును డిస్క్ క్లీనప్ జాబితాలో చేర్చారు; అన్నింటికీ టిక్ పెట్టే అలవాటున్నవారికి అది ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు. 2020లో దాన్ని అక్కడ తీసేశారు గాని, టెంపరరీ ఫైల్స్ పేజీలో డౌన్‌లోడ్స్ పేరు ఇప్పటికీ కనబడుతుంది. అక్కడ టిక్ లేదని చూసుకున్నాకే రిమూవ్ నొక్కాలి. పాత విండోస్ ఇన్‌స్టలేషన్‌ను తీసేస్తే చాలా చోటు వస్తుంది గాని వెనుకటి వెర్షన్‌కు పోయే దారి మూసుకుపోతుంది. పది రోజులు దాటితే విండోసే దాన్ని తీసేస్తుంది కాబట్టి, కొత్త వెర్షన్ కుదురుకునే దాకా ఆగడం మంచిది.

క్లీనర్ సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అవి తీసే చెత్తలో చాలావరకు విండోస్ కూడా తీయగలదు. విండోస్ తన సెట్టింగులను రాసుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామంటాయి గాని, అందువల్ల డిస్కులో చెప్పుకోదగిన చోటేమీ రాదు, అటువంటి సాధనాల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. 2017లో బాగా పేరున్న సీక్లీనర్ అనే క్లీనర్ 5.33 వెర్షన్‌లోనే దుండగులు మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) చొప్పించగా, అది కంపెనీ సొంత సర్వరు నుంచే లక్షల కంప్యూటర్లకు చేరింది. జనం ఆధార్ నకళ్లు వచ్చిపోయే మా వంటి దుకాణానికి, చోటు కోసం ఆ ముప్పును కొనితెచ్చుకోవలసిన అవసరం లేదని నా నిశ్చయం.

కాబట్టి ఇంటి కంప్యూటరుకైనా దుకాణానికైనా నా ఓటు రెండవ దారికే; మొదటిది అక్కరపడినప్పుడు మాత్రమే. మా దగ్గర స్టోరేజ్ సెన్స్‌ను వారానికోసారి నడిచేలా పెట్టి, రీసైకిల్ బిన్‌కు 30 రోజుల గడువిచ్చి, డౌన్‌లోడ్స్ ఎదుట "నెవర్" ఎంచుకున్నాను. జిప్ ఏది వచ్చినా ముందు డీ డ్రైవులోకి విడదీసిన తరువాతే తెరుస్తాము. డౌన్‌లోడ్స్‌లో చేరే ఆధార్ నకళ్లను మాత్రం ఏ సాధనానికీ వదలకుండా, ప్రింటు ఇచ్చిన వెంటనే, ఆ మనిషి కౌంటరు దగ్గర నిలబడి చూస్తుండగానే మేమే తీసేస్తాము. షిఫ్ట్ మీద వేలు పెట్టేది ఇప్పుడు అక్కడొక్కచోటే.