ఎస్‌ప్రెసో మెషీన్‌కు ప్రెషర్ రెగ్యులేటర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నీళ్ల లైనుకు నేరుగా కలిపిన రోటరీ పంపు (తిరిగే రెక్కలతో నీళ్లను తోసేది) మెషీన్ ముందు 3/8 అంగుళం ఇత్తడి డయాఫ్రమ్ రెగ్యులేటర్ నాలుగేళ్లుగా ఉంది. లైనులో వచ్చే ప్రెషర్‌ను లోపలి పొర, స్ప్రింగ్ సాయంతో తగ్గించి ఒక అంకె దగ్గర నిలపడం దాని పని. అంతకుముందు ఏడాదిపాటు ఉన్నది ప్లాస్టిక్ రకం. అది 3.5 బార్‌కు (బార్ అంటే ప్రెషర్ కొలత) ఫ్యాక్టరీలోనే బిగించి వస్తుంది, మనం మార్చలేం. రెంటిలో డబ్బు పెట్టదగ్గది ఇత్తడిదే. అసలు తేడా నీళ్లు పారుతున్నప్పుడు గేజ్ ముల్లు ఎక్కడ నిలుస్తుందన్న దాంట్లో ఉంది.

లైనులో ఉన్న ప్రెషర్‌కు రోటరీ పంపు తన వంతు కలుపుతుంది. లైను 3 బార్, పంపు వంతు 6 అయితే కాఫీ మీద 9. లైను 1.5కి పడితే పంపు ప్రెషర్‌ను సరిచేసే స్క్రూ కదలకపోయినా 7.5 బారే వస్తుంది. గ్రైండర్‌లో పొడి మెత్తదనం ఎంత మార్చినా ఆ లోటు తీరదు. అపార్ట్‌మెంట్లలో ఇది రోజూ ఉండేదే. ట్యాంకు నీటిమట్టం నుంచి పది మీటర్లు కిందికి దిగితే సుమారు 1 బార్ లెక్క. పై అంతస్తులో 1 కూడా రాదు, పది అంతస్తుల భవనంలో అడుగున 3 వరకూ వస్తుంది. టెర్రస్ మీద ప్రెషర్ పంపు ఉంటే అది ఆగి మొదలైనప్పుడల్లా ముల్లు ఊగుతుంది. రెగ్యులేటర్ ఎక్కువను తగ్గిస్తుందే గానీ తక్కువను పెంచదు. పై అంతస్తు వాళ్లు ముందు బూస్టర్ పంపు పెట్టుకోవాలి.

బిగించే వరస: ఆంగిల్ కాక్, 5 మైక్రాన్ ఫిల్టర్, రెగ్యులేటర్, సున్నం తీసే కాట్రిడ్జ్, గేజ్, మెషీన్ పైపు. గేజ్ కాట్రిడ్జ్ తర్వాతే ఉండాలి. కాట్రిడ్జ్ మూసుకుపోయే కొద్దీ పడే ప్రెషర్ అప్పుడే కనిపిస్తుంది. 0–6 బార్ గ్లిజరిన్ గేజ్ సరిపోతుంది. ముప్పావు అంగుళం రెగ్యులేటర్ కొనకండి. ఇంటి మొత్తానికి చేసినది ఎస్‌ప్రెసోకు పారే సన్నటి ధార దగ్గర నిలకడగా పనిచేయదు.

సెట్ చేసేటప్పుడు రెగ్యులేటర్ లాక్ నట్ వదులు చేసి, స్క్రూను ఎడమకు పూర్తిగా విప్పి, అప్పుడు నీళ్లు మెల్లగా వదలాలి. ఆ తర్వాత కుడికి పావు చుట్టు చొప్పున బిగిస్తూ 3 బార్‌కు తేవాలి. 3 దాటితే కాస్త వెనక్కి తిప్పి ఊరుకోకూడదు. బాగా విప్పి, నీళ్లు కొంచెం వదిలి, మళ్లీ కింది నుంచే పైకి రావాలి. లేకపోతే స్ప్రింగ్ సర్దుకున్నాక అంకె మారుతుంది. చివరగా రంధ్రాలు లేని బాస్కెట్ (కాఫీ పొడి వేసే గిన్నె) పెట్టి పంపును 9 బార్‌కు సరిచేయాలి. ఈ రెండు పనుల వరస తారుమారైతే మళ్లీ మొదటికే.

ఇత్తడిది నీళ్లు ఆగినప్పుడు 3, షాట్ (ఒక విడత ఎస్‌ప్రెసో) తీసేటప్పుడు 2.8, బాయిలర్ నిండేటప్పుడు 2.3 చూపుతోంది. ప్లాస్టిక్‌ది ఆగినప్పుడు 3.5 చూపించినా బాయిలర్ నిండేటప్పుడు 1.8కి పడిపోయేది. ఇన్లెట్లో నీళ్లు చాలకపోతే పంపు గరగరలాడుతుంది, అలాగే నడిపితే లోపలి రెక్కలు అరిగిపోతాయి. అందుకే ఆగినప్పటి అంకె ఒక్కటే చూసి తృప్తిపడకూడదు.

ఈ61 గ్రూప్ (లీవర్ ఎత్తి కాఫీ తీసే రకం మెషీన్ తల) ఉన్నవాళ్లకు ఇంకో లాభం ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చినదీ అదే. లీవర్‌ను సగమే ఎత్తితే పంపు తిరగకుండా లైను ప్రెషర్‌తోనే పొడి తడుస్తుంది. 2 బార్ దగ్గర మెత్తగా, నిదానంగా తడుస్తుంది. 3 దగ్గర త్వరగా. లేత రోస్టుకు 2 బాగుంది, కాకపోతే రెగ్యులేటర్ తగ్గించిన ప్రతిసారీ పంపును కూడా మళ్లీ 9కి తేవాలి.

మూడో ఏడాది ఒక లోపం బయటపడింది. రాత్రి 3 దగ్గర ఉన్న ముల్లు పొద్దున 4.2 చూపేది. నీళ్లు వాడకపోయినా ప్రెషర్ మెల్లగా పెరిగిందంటే లోపలి సీటు (నీళ్లను ఆపే మూత ఆనే చోటు) పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం. ఇసుక రేణువో పైపు కోసినప్పటి ప్లాస్టిక్ తునకో అక్కడ ఇరుక్కుంటుంది. టెఫ్లాన్ టేప్‌ను మర చివర దాటి చుట్టినా దాని పోగులు అక్కడికే చేరతాయి, మొదటి మర వదిలి చుట్టాలి. విప్పి, జాలీ, సీటు కడిగి బిగిస్తే ఇత్తడిది మళ్లీ 3 దగ్గరే నిలిచింది. ప్లాస్టిక్‌ది విప్పడానికే వీల్లేదు, పారేయడమే. కొనేటప్పుడే సీటు, డయాఫ్రమ్ విడిగా దొరుకుతాయో లేదో అడిగి, ఒక జత తీసిపెట్టుకోండి.