ఇమాటినిబ్‌కు లొంగకపోతే: డాసాటినిబా, నిలోటినిబా?

నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు నెలనెలా బస్సెక్కే సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) పేషెంట్లకు, మొదట ఇచ్చే ఇమాటినిబ్ గోలీలు పనిచేయనప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. ముందైతే గోలీలు మధ్యలో ఆపారేమో చూసుకోండి. నాట్లప్పుడు, వలస పోయినప్పుడు తప్పిన డోసులే చాలాసార్లు మందు పనిచేయనట్టు కనిపిస్తాయి.

డాసాటినిబ్: రోజుకొక్కసారి, తిన్నా తినకున్నా సరే. గ్యాస్ గోలీలతో పొసగదు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరొచ్చు.

నిలోటినిబ్: రోజుకు రెండుసార్లు. ముందు 2 గంటలు, తర్వాత 1 గంట ఏమీ తినొద్దు. పొద్దుగాలే గటక తాగి చేనుకు పోయేవాళ్లకు ఇదో తిప్పలు. షుగర్ పెరగొచ్చు, గుండెకూ ముప్పు.

ఖర్చు సంగతి ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ముందే అడగండి.

షుగర్, గుండెజబ్బు ఉంటే సాధారణంగా డాసాటినిబ్. ఊపిరితిత్తుల జబ్బుంటే నిలోటినిబ్. కానీ మ్యుటేషన్ టెస్ట్ (క్యాన్సర్ జన్యువులో వచ్చిన మార్పును పట్టే పరీక్ష) మాటే పైమాట: వై253హెచ్ ఉంటే డాసాటినిబ్, ఎఫ్317ఎల్ ఉంటే నిలోటినిబ్. టీ315ఐ వస్తే రెండూ దండగే, పొనాటినిబ్ అనే మరో మందు గురించి డాక్టర్‌ను అడగాలి.