తిరుపతి జిరాక్స్ షాపుల్లో ‘వాతావరణం – యుద్ధాలు’ నోట్స్: 140 రూపాయలకు గిట్టుబాటేనా?

బాలాజీ కాలనీ వైపు జిరాక్స్ షాపుల్లో గ్రూప్-1, సివిల్స్ వాళ్ల కోసం దొంతర్లుగా పేర్చే స్పైరల్ నోట్సుల్లో ఇదొకటి. అట్ట మీద రాసినవాళ్ల పేరు లేదు, సంవత్సరం లేదు. 96 పేజీలు, 140 రూపాయలు. కరువులు, వడగళ్లు, చలి యుద్ధాలకూ తిరుగుబాట్లకూ ఎలా దారితీశాయన్నది విషయం. తెలుగులో ఇదంతా ఒక్కచోట దొరకడం అరుదు కాబట్టి కొనొచ్చు. కాకపోతే చేతిలో ఎర్ర పెన్ను ఉండాలి.

మంగోలుల అధ్యాయం ఒక్కటే సగం డబ్బులకు సరిపోతుంది. ఖొర్గో దగ్గర లావా రాళ్ల మీద బతికిన పైన్ చెట్ల వలయాలు లెక్కపెట్టి, మధ్య మంగోలియాలో 1211 నుంచి 1225 దాకా వెయ్యేళ్లలో ఎన్నడూ లేనంతగా వరసగా వానలు పడ్డాయని 2014లో తేల్చారు. వానకు గడ్డి, గడ్డికి గుర్రాలు. సైనికుడు ఒక్కడే అయినా మార్చుకోవడానికి గుర్రాలు అనేకం కావాలి. ఇదంతా బొమ్మ గీసి చూపించారు. అంతకన్నా మంచి పని, చెంఘిజ్ 1206లోనే ఖాన్ అయ్యాడని పక్కనే గుర్తు చేయడం. వాన అతణ్ని ఖాన్‌ను చేయలేదు, అతని గుర్రాలకు మేత పెట్టింది.

ఈ జాగ్రత్త మిగతా పేజీల్లో లేదు. ఎక్కడ చూసినా ‘కరువు వల్లే’, ‘చలి వల్లే’. ‘వల్ల’కూ ‘వల్లే’కూ మధ్య తేడా ఒక్క ఏత్వమే, కానీ మార్కులు పోయేది అక్కడే.

ఫ్రాన్స్ చూడండి. ఐస్‌లాండ్‌లో 1783లో లాకి అగ్నిపర్వతం పేలింది కాబట్టి 1789లో విప్లవం వచ్చిందని ఒకే బాణం గీశారు. మధ్యలో ఐదేళ్లు ఏమయ్యాయి? ఆ బాణం కొట్టేసి ఇలా రాసుకోండి: 1788 జులై 13న ఉత్తర ఫ్రాన్స్ పంటల మీద వడగళ్లు, ఆ వెనకే గడ్డకట్టే చలికాలం. అంతకు ముందు 1787లోనే ధాన్యం ఎగుమతికి గేట్లు ఎత్తేశారు, గాదెల్లో నిల్వ లేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో చేసిన అప్పుతో ఖజానా అప్పటికే ఖాళీ. మామూలు రోజుల్లో 8–9 సూలు (అప్పటి ఫ్రెంచి చిల్లర నాణెం) ఉండే నాలుగు పౌన్ల, అంటే దాదాపు రెండు కిలోల, రొట్టె 1789 ఫిబ్రవరికి 14 సూలు దాటింది. ఈ రొట్టె ధర నోట్సులో ఎక్కడా లేదు. అసలు కథ నడిచేది దాని మీదే.

సిరియా అధ్యాయానిదీ అదే జబ్బు. 2006–2010 కరువు నిజం, ఈశాన్యంలో గోధుమ ఎండిపోయిందీ నిజమే. కానీ 2008 మేలో డీజిల్ సబ్సిడీ కోసేస్తే ధర రాత్రికి రాత్రి మూడింతలు దాటింది, బోరు మోటర్లు ఆగిపోయాయి. మన చిత్తూరు వైపు పడమటి మండలాల బోరు రైతుకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. నోట్సులో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. ఊళ్లు వదిలింది 15 లక్షల మంది అని మాత్రం ఢంకా బజాయించారు. ఆ అంకె మీదే 2017లో పరిశోధకులు పెద్ద పేచీ పెట్టారు, జవాబులో వేస్తే ‘వివాదాస్పదం’ అని చేర్చండి. చుట్టుపక్కల అదే కరువు చూసిన జోర్డాన్‌లో అంతర్యుద్ధం రాలేదన్న వాక్యం కూడా మార్జిన్‌లో ఉండాలి.

నెపోలియన్ పేజీ చించేసినా నష్టం లేదు. ‘మంచు ఓడించింది’ అని తేల్చేశారు. రష్యా మీదికి వెళ్తూ 1812 జూన్‌లో నీమెన్ నది దాటినప్పటి నుంచీ ఎండ, ఆకలి, టైఫస్ జ్వరం సైన్యాన్ని తింటూనే ఉన్నాయి. మాస్కో చేరకముందే ప్రధాన సేన సగానికి వచ్చింది. నవంబర్ చివర, తిరుగు దారిలో బెరెజినా నది దగ్గర ఇబ్బంది పెట్టింది చలి కాదు, చలి తగ్గడం: మంచు కరిగి నది పారుతుంటే, ఇంజనీర్లు గుండెల లోతు నీళ్లలో దిగి రెండు వంతెనలు కట్టాల్సి వచ్చింది.

మింగ్ చైనా పర్వాలేదు. షాన్షీ కరువుతో పాటు, ఖర్చు తగ్గించడానికి తపాలా ఠాణాలు మూసేస్తే ఉద్యోగం పోయినవాళ్లలో తిరుగుబాటు నాయకుడు లీ జిచెంగ్ ఒకడనీ, 1644లో బీజింగ్ పట్టుకున్నది అతనేననీ రాశారు.

ఇక ‘మన ప్రాంతం’, మూడంటే మూడు పేజీలు. 1876–78 కరువులో ‘చిత్తూరు జిల్లా’ అని వేశారు. ఆ జిల్లా పుట్టిందే 1911లో. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం, మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. ఆ కరువు వల్లే 1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు వచ్చిందన్నది మరీ అన్యాయం. అక్కడి జనం తిరగబడింది కల్లు మీద పన్నుకూ, రంపను ఏలుతున్న మన్సబ్‌దారు దోపిడీకీ. కరువు పనుల దగ్గర మగ కూలికి రోజుకు ఒక పౌను (అరకిలో కన్నా తక్కువ) ధాన్యం, పైన ఒక అణా ఇచ్చి, లక్షల్లో జనం పోయిన నేల మీద పెద్ద తిరుగుబాటు ఎందుకు రాలేదన్నది అసలు ప్రశ్న. దాన్ని తాకనే లేదు.

బాణం వెనక్కి తిరిగే ఉదాహరణ మన గుమ్మంలోనే ఉంది. 1780లో హైదర్ అలీ సేనలు కర్ణాటకం (ఇప్పటి కర్ణాటక కాదు, ఆర్కాటు నవాబు రాజ్యం) మీద పడి పైర్లూ ఊళ్లూ తగలబెడితే 1781–82లో మద్రాసు చుట్టూ కరువొచ్చింది. యుద్ధం ముందు, ఆకలి తర్వాత. ఆ హైదర్ 1782 డిసెంబర్‌లో కన్నుమూసింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే. నోట్సులో అతని పేరే లేదు.

జవాబు రాసేటప్పుడు వరస ఇలా పెట్టుకోండి: వాతావరణ ఘటన (తేదీ, చోటుతో సహా), అది ధరనూ మేతనూ వలసనూ ఎలా తాకింది, సర్కారు ఏం చేసింది, అదే కరువులో గొడవ రాని చోటు ఒకటి. 150 పదాల్లో నాలుగూ పడతాయి.

కొనేముందు మూడు చూసుకోండి. చెట్టు వలయాల గ్రాఫ్ నలుపు ముద్దగా ఉంటుంది, ఆ ఒక్క పేజీ కలర్ ప్రింట్ అడగండి. బైండింగ్ రంధ్రాలు ఎడమ అంచు అక్షరాలను మింగేస్తున్నాయి, పట్టికల్లో సంవత్సరం మొదటి అంకె పోతోంది. 57వ పేజీ కొన్ని కాపీల్లో రెండుసార్లు పడి 58 ఎగిరిపోయింది. సిరియా పట్టిక ఉన్నది ఆ 58లోనే.