నేలను బట్టి నాటకం: ఒంగోలు నుంచి మైపాడు దాకా నాలుగు రోజులు

మాటలు తక్కువగా, శరీరమే ప్రధానంగా సాగే గంటసేపటి నాటకం ఒకటి తయారు చేయాలని ఒంగోలులో మేము తొమ్మిది మందిమి సంకల్పించాం. మా అందరికీ పరిషత్తు నాటకాల అలవాటుంది, ఇద్దరికి పద్యనాటకంలోనూ ప్రవేశముంది. ఆ రెండింటిలోనూ మైకు ఎక్కడ వేలాడితే నటుడు అక్కడే నిలబడతాడు గనుక, నడుము కింద కాళ్లున్నాయన్న సంగతిని మేము ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. ఫిజికల్ థియేటర్ పేరుతో ప్రపంచంలో నడుస్తున్న పద్ధతుల్లో కొన్నింటిని సాధన చేద్దామని ఆషాఢమాసంలో నాలుగు రోజులు నెల్లూరు జిల్లాకు వెళ్లాం. బస గురించీ భోజనం గురించీ కూడా రాస్తాను గాని, ఒక్కొక్క చోటును నేను తూచింది ముందుగా కాలి కింది నేలను బట్టే.

ఉదయం పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నెల్లూరులో దిగి, స్టేషనుకు నడక దూరంలో ఉన్న ఒక లాడ్జిలో మూడు గదులు తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేన్నీళ్లు ఉదయం ఏడు దాటితే రావు, లిఫ్టు పని చేయదు. నాలుగో అంతస్తుకు మెట్లెక్కడం కూడా సాధనలో భాగమేనని సరిపెట్టుకున్నాం. ముహూర్తాలు లేని కాలం కావడంతో ఒక కల్యాణ మండపం పై హాలు సగం అద్దెకే దొరికింది. ఫ్యాన్లు, మంచినీళ్లు, బాత్రూములు అన్నీ సవ్యంగానే ఉన్నాయి గాని, నేల మాత్రం ముఖం చూసుకోదగిన టైల్సు. అక్కడ మేము మొదట ఎత్తుకున్నది కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్. 1972లో అమెరికాలో స్టీవ్ పాక్స్‌టన్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో ముందే కూర్చిన అడుగులంటూ ఉండవు. ఇద్దరి ఒళ్లు ఆనుకున్న చోటి నుంచే, ఒకరి బరువు మరొకరి మీదికి మారుతున్నప్పుడే తర్వాతి కదలిక పుట్టాలి. పావుగంటలో చెమట చుక్కలు టైల్సు మీద పడ్డాయి, నా వీపు మీదికి బరువు మోపిన మిత్రుడు జారి భుజం మీద పడ్డాడు. ఎదురుగా ఉన్న సోడా కొట్టతను అడగకుండానే ఐసు గడ్డలు తెచ్చి ఇచ్చాడు. మండపం వాళ్లు మాత్రం నేల మీద గీతలు పడితే డిపాజిట్టు తిరిగి రాదని గుర్తు చేసి వెళ్లారు.

మధ్యాహ్నం పద్ధతి మార్చి ఇటలీ వారి కమేడియా దెల్ ఆర్తె పట్టుకున్నాక అదే హాలు మాకు అనుకూలించింది. 1545లో పాదువా నగరంలో కొందరు నటులు కలిసి తిరిగి ఆడతామని రాసుకున్న ఒప్పందం ఒకటి నేటికీ మిగిలి ఉంది; సంతల్లో చెక్కబల్లలు పరిచి ఆడిన ఆ నాటకం ఎక్కడైనా ఇమిడిపోతుంది. దాని ముఖపు తొడుగు ముక్కు దాకానే ఉండి నోటిని వదిలేస్తుంది కాబట్టి నటుడు ఆశువుగా మాట్లాడగలడు, పాత్ర ఎవరన్నది నడకలోనే తెలిసిపోతుంది. పిసినారి ముసలి వర్తకుడు పాంతలోనే వంగిన నడుముతో డబ్బు సంచిని కాపాడుకుంటూ వస్తే, ఆకలి తీరని నౌకరు అర్లెకీనో గంతులు వేస్తూ వస్తాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడినీ బంగారక్కనూ చూసి పెరిగిన మాకు ఈ జాతి హాస్యం ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. ఆ రాత్రి మెస్సులో మామిడికాయ వేసిన చేపల పులుసు నిన్నటిదేనని వడ్డించే ఆయన గర్వంగా చెప్పాడు, పులుసు నిజంగానే ఆ గర్వానికి తగ్గట్టుగా ఉంది.

మా ప్రయాణంలో అసలైన చోటు మైపాడు. మాకు కొత్తపట్నం తీరం దగ్గరే గాని అక్కడ తెలిసినవాళ్లు కనబడకుండా అరగంట గడవదు. నెల్లూరు నుంచి ఆటోలో తెల్లవారుజామునే చేరుకుని, తడి ఇసుక మీద పది మీటర్ల తాడును మేకుకు కట్టి తిప్పి ఒక గుండ్రం గీశాం. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీసులోని ఎపిడారస్‌లో కట్టిన నాటకశాలలో ఆర్కెస్ట్రా వ్యాసం సుమారు 20 మీటర్లు. అక్కడ ఆర్కెస్ట్రా అంటే వాద్యబృందం కాదు, బృందం ఆడే నేల. విషాద నాటకంలో పన్నెండు మంది ఉండే ఆ బృందాన్ని, అంటే కోరస్‌ను, నాటకకర్త సోఫోక్లీస్ పదిహేను మందికి పెంచాడని చెబుతారు. కొలత కాగితం మీద ఎన్నోసార్లు చదివినదే అయినా, తొమ్మిది మందిమి ఆ గుండ్రంలో నిలబడ్డాక ఒక్కొక్కరం ఎంత చిన్నవాళ్లమో తెలిసింది. వేల మంది కొండవాలు మెట్ల మీద కూర్చుని చూసే చోట, తలంతా కప్పే తొడుగు వెనుక కనుబొమ్మ ఎగరేసి లాభం లేదు. చేయి ఎత్తితే భుజం నుంచి ఎత్తాలి, దుఃఖమొస్తే పదిహేను మంది వెన్నులూ ఒక్కసారి వంగాలి.

మేము ఎంత లెక్కపెట్టుకున్నా ఆ వంపు కలిసి రాలేదు. అటుగా వచ్చిన ఒక పెద్దాయన గీతను చూసి, "ఏంది సార్, ఈడ షామియానా ఏస్తారా?" అని అడిగి, మా నడక కాసేపు చూసి, "మడమలు అట్టా దిగేస్తే ఇసకలో నడవలేరయ్యా, వేళ్లతో లాక్కోవాల" అని చెప్పి వెళ్లాడు. కొంత దూరంలో ఆయనా, ఆయన తోటివాళ్లూ అలివి వల లాగుతున్నారు. తాడును నడుముకు ఆనించి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, అందరూ ఒకే ఊపిరితో అడుగు వెనక్కి వేస్తున్నారు. తాడు చివర ఉన్నవాడు ఆగి, పరుగున నీళ్ల అంచుకు వెళ్లి ముందువైపు తాడు అందుకుంటున్నాడు. అంకెలు చెప్పేవాడు లేడు, నాయకుడు లేడు, వరుస మాత్రం తెగడం లేదు. మేము పుస్తకాల్లో వెతుకుతున్న కోరస్ అదేనని నాకు అనిపించింది. అడిగితే మమ్మల్నీ తాడు పట్టనిచ్చారు. అరగంటలో అరచేతులు ఎర్రబడ్డాయి, తర్వాత మా గుండ్రంలోకి తిరిగి వచ్చాక తొమ్మిది వెన్నులూ మొదటిసారి కలిసి వంగాయి.

ఎండ ముదరకముందే జాక్ లెకాక్ పద్ధతికి మారాం. వ్యాయామ శిక్షణ నుంచి నాటకంలోకి వచ్చిన ఈ ఫ్రెంచి గురువు 1956లో పారిస్‌లో పాఠశాల తెరిచాడు. ఏ భావమూ లేని ముఖపు తొడుగు పెట్టించి, పడవలో వెళ్లిపోతున్న మిత్రుడికి ఒడ్డున నిలబడి వీడ్కోలు చెప్పమనడం ఆయన అభ్యాసాల్లో ఒకటి. మా ఎదురుగా నిజం పడవలే పోతున్నాయి గనుక ఊహించుకునే పని తప్పింది. అయితే పాత పేపర్లు అతికించి మేము చేసుకున్న తొడుగులు చెమటకు మెత్తబడి గడ్డం దగ్గర ఊడాయి. లెకాక్ కోసం శిల్పి అమ్లెతో సర్తోరి తోలుతో ఎందుకు చేశాడో అప్పుడు తెలిసింది. సేవల మాటకొస్తే మైపాడులో చెప్పుకోదగ్గవి వేయించిన చేపలూ కొబ్బరి బొండాలూ మాత్రమే. నీడ లేదు, బట్టలు మార్చుకునే గదికి తలుపుంది గాని గడియ లేదు. ఆడవాళ్లున్న బృందం ముందుగా బస కుదుర్చుకుని వెళ్లడం మంచిది. మేము సాయంత్రానికి నెల్లూరుకే తిరిగి వచ్చాం.

మూడో రోజు బుచ్చిరెడ్డిపాళెం వైపు ఒక పల్లెలో మిత్రుడి మేనమామ గారింట్లో దిగాం. దోమలు విపరీతం, మర్యాద అంతకన్నా విపరీతం. ఆయన పాత రైసు మిల్లులో బస్తాలకు తేమ తగలకుండా దూలాల మీద పరిచిన చెక్కల అరుగు ఉంది. జపాను దర్శకుడు తడాషి సుజుకి పద్ధతికి అంతకన్నా తగిన నేల దొరకదు. 1976లో టోక్యో వదిలి తోగా అనే కొండపల్లెకు బృందంతో తరలిపోయిన ఈయన శిక్షణకు మూలం పాదం: నడుమును దించి, పైభాగం కదలకుండా, సంగీతం ఆగేదాకా నేలను బలంగా తొక్కుతూ ఉండాలి, ఆ వెంటనే ఊపిరి ఎగపోయకుండా మాట పలకాలి. గ్రీకు విషాదాలనే ఆయన ఈ శరీరాలతో ఆడించాడు. మేము తొక్కితే చెక్కల కింది బోలులోంచి శబ్దం తిరిగి పాదాల్లోకి వచ్చింది. యుద్ధ ఘట్టంలో తెర వెనుక చెక్కలు తొక్కే తోలుబొమ్మలవాళ్లు మేనమామ గారికీ గుర్తొచ్చారు. సిమెంటు మీద ఇదే పని చేసి ఉంటే మడమలు మిగిలేవి కావు.

నాలుగో రోజు తిరుగు ప్రయాణమే. దారి పొడుగునా మా చర్చ 1975లో జర్మనీలో పినా బౌష్ కూర్చిన ఒక నృత్యం గురించి సాగింది. వేదికంతా మట్టి పరిచి, నర్తకుల ఒంటికీ బట్టలకూ అది అంటుకుంటుండగా ఆమె ఆడించింది. మా నాటకానికి మాటల కన్నా ముందు ఇసుక కావాలని రైలు దిగేలోగా తేలింది. ఒంగోలులో ఒక హాలు వాళ్లను అడిగితే, కింద టార్పాలిన్ వేసి, ఆట అయిన రాత్రే ఎత్తించి, కడిగించి అప్పగిస్తేనే అన్నారు. ఒక ట్రాక్టరు ఇసుకకూ నలుగురు కూలీలకూ బేరం నడుస్తోంది.