ఎత్తు పెంచుతుందన్న పొడి, ఆరు డబ్బాలు వాడిన తర్వాత

మా అబ్బాయికి పన్నెండున్నరేళ్లు. తరగతి ఫొటోలో ఎప్పుడూ ముందు వరుసలోనే నిలబడి ఉంటాడు. ఆ ఫొటో చూసి మా అమ్మ "వీడికి బలమైనదేదైనా పట్టించరా" అన్నప్పటి నుంచి, పిల్లల ఎత్తు పెంచుతాయంటూ ఆన్‌లైన్‌లో అమ్మే పొడుల మీద నా దృష్టి పడింది. వాటిలో ఎక్కువ నక్షత్రాలున్న ఒకదాన్ని ఎంచుకొని, 450 గ్రాముల డబ్బా 575 రూపాయల చొప్పున, మూడు నెలలకు సరిపడా ఆరు డబ్బాలు తెప్పించాను. మొత్తం 3,450 రూపాయలు అయింది.

వేడి పాలలో ఈ పొడి ఉండ కట్టకుండా కరుగుతుంది. చల్లటి పాలలో మాత్రం గ్లాసు అడుగున మడ్డిలా మిగిలిపోతుంది. చాక్లెట్ రుచి బాగుంది, పిల్లవాడు ఒక్కరోజు కూడా మారాం చేయలేదు. అందుకు కారణం డబ్బా వెనక్కి తిప్పి చదివితే తెలుస్తుంది. వంద గ్రాముల పొడిలో మాంసకృత్తులు 14 గ్రాములు, కలిపిన చక్కెర 38 గ్రాములు. కంపెనీ చెప్పినట్టు రోజుకు 30 గ్రాములు వాడితే పిల్లవాడికి అందే మాంసకృత్తులు నాలుగు గ్రాముల పైచిలుకు, చక్కెర పదకొండు గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. ఈ లెక్క కొనకముందే వేసుకోవలసింది.

ఇక ఫలితం. మొదటి రోజు 146.5 సెంటీమీటర్లున్న అబ్బాయి, ఆరో డబ్బా ఖాళీ అయ్యేసరికి 148.4 సెంటీమీటర్లయ్యాడు. మూడు నెలల్లో దాదాపు రెండు సెంటీమీటర్లు! ఐదు నక్షత్రాలిచ్చిన తల్లిదండ్రులలో చాలామంది రాసిందీ ఇదే, వారు అబద్ధం చెప్పలేదు. అయితే మా వంటింటి గుమ్మం మీద మా ఆవిడ ఏటా పెన్సిలుతో పెట్టే గీతలున్నాయి. వాటి ప్రకారం, పొడి పేరు కూడా తెలియని నిరుటి సంవత్సరంలో వాడు 5.6 సెంటీమీటర్లు పెరిగాడు. యుక్తవయసు రానున్న పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగడం మామూలే; యుక్తవయసు మొదలయ్యాక మగపిల్లల్లో ఆ వేగం కొంతకాలం ఎనిమిది, పది సెంటీమీటర్లకు కూడా చేరుతుంది. వేగం పుంజుకునే సరిగ్గా ఆ వయసులోనే మేము పొడి కొన్నాం. దీనికి తోడు, పగలంతా నిలబడి తిరగడం వల్ల వెన్నుపూసల మధ్య మెత్తటి పొరలు అణగి, ఉదయం కొలిచిన ఎత్తు కన్నా సాయంత్రం కొలిచినది సుమారు ఒక సెంటీమీటరు తక్కువ వస్తుంది. సాయంత్రం మొదలుపెట్టి ఉదయం ముగించిన వారికి ఏ పొడి అయినా పనిచేసినట్టే కనిపిస్తుంది.

పిల్లల వైద్యుడి దగ్గరకు వెళితే ఆయన పొడి సంగతి అడగలేదు, మా ఇద్దరి ఎత్తులు అడిగారు. నాది 165, మా ఆవిడది 153. రెండూ కూడి, మగపిల్లవాడు గనుక 13 కలిపి, సగం చేస్తే 165.5 వచ్చింది. దానికి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు అటూ ఇటూగా పిల్లవాడు ఉండవచ్చునని, గీతల ప్రకారం వాడి ఎదుగుదల సరిగ్గానే ఉందని చెప్పి పంపించారు.

ఆ అటూ ఇటూ ఎందుకంత విశాలంగా ఉందో తర్వాత చదువుకున్నాను. ఎత్తును నిర్ణయించే జన్యువు ఒకటి కాదు. 2022లో ప్రచురితమైన ఒక పరిశోధనలో దాదాపు 54 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించి, ఎత్తుతో సంబంధమున్న 12,111 తేడాలను గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం చాలా స్వల్పం. కడుపునిండా తినే సమాజాల్లో మనుషుల ఎత్తుల మధ్య తేడాలలో 80 శాతం వరకు వారసత్వం వల్లనే అంటారు. మా అబ్బాయి ఎత్తులో 80 శాతం మేమిచ్చామని దాని అర్థం కాదు. అందరికీ తిండి ఒకేలా అందుతున్నచోట మిగిలే తేడాలు ఎక్కువగా జన్యువులవేనని మాత్రమే.

అలాగని తిండికి విలువ లేదనుకుంటే అదీ పొరపాటే. 1896లో పుట్టిన దక్షిణ కొరియా స్త్రీల కన్నా 1996లో పుట్టినవారు సగటున 20 సెంటీమీటర్లు పొడవు. నూరేళ్లలో జన్యువులు అంతగా మారవు. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలనే చూడవచ్చు. 1987-90 మధ్య వాటిలో పదిహేను గ్రామాల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ పోషకాహారం అందుబాటులో ఉంచి, ఆ కాలపు పిల్లలను 13-18 ఏళ్ల వయసులో కొలిచినప్పుడు, ఆ సాయం అందని గ్రామాల పిల్లల కన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడవు తేలారు. ఆ తిండి తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో అందింది. రోజూ పప్పు, గుడ్డు, పెరుగు తినే పన్నెండేళ్ల పిల్లవాడికి చక్కెర కలిపిన పాలు అదనంగా పట్టిస్తే, లేని లోటును పూడ్చడానికి ప్రయత్నించినట్టవుతుంది. నిజంగా లోటున్న ఇంటివారు రోజుకు 38 రూపాయలు పెట్టి దీన్ని కొనలేరు.

కంపెనీకి ఈ సంగతి తెలియదనుకోను. మందులతో ఎత్తు పెరుగుతుందని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. ఇది మందు కాదు, ఆహారం. అయినా డబ్బా మీద "పెంచుతుంది" అన్న మాట ఎక్కడా లేదు, "ఎదుగుదలకు తోడ్పడుతుంది" అని ఉంది. పక్కన చిన్న చుక్క గుర్తు, దాని వివరణ అడుగున: సమతులాహారంతో పాటు తీసుకున్నప్పుడు. ఆ అక్షరాలు చదవడానికి నేను కళ్లజోడు తీసి, డబ్బాను ముక్కు దగ్గరకు తెచ్చుకోవలసి వచ్చింది.

డబ్బాలతో పాటు ఉచితంగా వచ్చిన జిరాఫీ బొమ్మ గోడపటం మాత్రం పనికొచ్చింది. దాన్ని నేలకు సరిగ్గా 60 సెంటీమీటర్ల ఎత్తున అతికించాలని కాగితం మీద ఉన్నా, పటం మీద ముద్రించలేదు. మొదట తప్పుగా అతికించి పిల్లవాణ్ణి ఒక్క క్షణంలో నాలుగు సెంటీమీటర్లు పొడవు చేశాను. సరిచేశాక గుమ్మం గీతలతో సరిపోయింది. పటానికి నాలుగు నక్షత్రాలు, పొడికి రుచి కోసం ఒకటి. ఆర్నెల్లకొకసారి, ఉదయం పూట, చెప్పులు విప్పి కొలవమన్నారు వైద్యుడు. తర్వాతి గీత సంక్రాంతికి.